లాబీయిస్టు చెక్కు వద్దంటే సరిపోతుందా?

వాషింగ్టన్‌లో ఓ లాబీయిస్టు (కంపెనీలు, సంఘాల తరఫున చట్టసభ్యులకు నచ్చజెప్పడమే వృత్తిగా ఉన్నవాడు) అమెరికా కాంగ్రెస్ సభ్యుణ్ని హోటల్‌కు తీసుకెళ్లి భోజనం బిల్లు తానే కడితే సభా నియమాలు ఒప్పుకోవు. 2007లో నియమాలు బిగించాక మామూలు భోజనమైనా తప్పే. అదే హోటల్లో, అదే బల్ల దగ్గర, అదే సభ్యుడి ఎన్నికల కమిటీ పేరిట 3,500 డాలర్ల చెక్కు రాసిస్తే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ భోజనానికి నిధుల సేకరణ కార్యక్రమం అని పేరు పెడితే బిల్లు గొడవ కూడా ఉండదు. కూడు పెడితే కానుక, చెక్కు ఇస్తే పౌరహక్కు. అమెరికా ఎన్నికల చట్టంలోని ఈ వింత నుంచే అసలు ప్రశ్న పుడుతోంది: రాజకీయ పార్టీలు లాబీయిస్టుల దగ్గర ప్రచార నిధులు తీసుకోవచ్చా?

ఈ చర్చ సాధారణంగా అభ్యర్థుల చుట్టూ తిరుగుతుంది. డబ్బు లెక్క చూస్తే మాత్రం పార్టీయే పెద్ద గిన్నె. 2025-26 ఎన్నికల కాలానికి ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఎన్నికకు 3,500 డాలర్లు ఇవ్వొచ్చు. ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక), సాధారణ ఎన్నిక కలిపి 7,000. అదే వ్యక్తి ఒక జాతీయ పార్టీ కమిటీకి ఏడాదికి 44,300 డాలర్లు ఇవ్వొచ్చు. 2014 డిసెంబరులో బడ్జెట్ బిల్లులో కలిపి తెచ్చిన సవరణ పార్టీలకు మరో మూడు ఖాతాలు తెరిచింది: అధ్యక్ష అభ్యర్థిని ఖరారు చేసే మహాసభకు ఒకటి, కార్యాలయ భవనాలకు ఒకటి, కోర్టు ఖర్చులకు ఒకటి. ఒక్కో ఖాతాకు మామూలు పరిమితికి మూడు రెట్లు, అంటే 1,32,900 డాలర్లు. రాష్ట్ర పార్టీలకైతే రాష్ట్రానికి 10,000.

వీటన్నిటినీ ఒకే సంయుక్త నిధుల కమిటీలోకి (అభ్యర్థి, పార్టీ కమిటీలు కలిసి విరాళాలు సేకరించి పంచుకునే ఏర్పాటు) చేర్చితే ఎంతవుతుంది? అధ్యక్ష అభ్యర్థికి 7,000, జాతీయ కమిటీకి 44,300, మూడు ప్రత్యేక ఖాతాలకు 3,98,700, యాభై రాష్ట్రాల పార్టీలకు 5,00,000. మొత్తం 9,50,000 డాలర్లు. ఒక మనిషి, ఒక చెక్కు. అన్ని కమిటీలకూ కలిపి ఒక వ్యక్తి ఇవ్వగలిగే మొత్తం మీద పాత రోజుల్లో ఉన్న పరిమితిని సుప్రీంకోర్టు 2014లో మెకచన్ కేసులో 5-4 తీర్పుతో కొట్టేసింది. ఆ తీర్పు లేకపోతే ఈ కూడిక కుదిరేది కాదు.

నిజానికి ఇంత చెక్కు రాసే లాబీయిస్టులు చాలా అరుదు. వాళ్ల సొంత డబ్బు పార్టీల మొత్తం రాబడిలో చిన్న పాయ. మరి గొడవ దేనికి? లాబీయిస్టు విలువ అతని చెక్‌బుక్కులో లేదు, ఫోన్ పుస్తకంలో ఉంది. తనవి 5,000 ఇచ్చి, క్లయింట్ల దగ్గర లక్ష పోగు చేసి పెట్టేవాడే పార్టీకి కావలసిన మనిషి. నిషేధాలు మొదటి సంఖ్య మీద గురిపెడతాయి, రెండోదాన్ని తరచూ వదిలేస్తాయి. వాటి వైఫల్యానికి ఇదే మూలం.

లాబీయిస్టు అంటే ఎవరు?

1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం ప్రకారం, ఒక క్లయింటు తరఫున ఒకటికి మించి సంప్రదింపులు జరిపి, మూడు నెలల వ్యవధిలో ఆ క్లయింటు కోసం చేసే పనిలో కనీసం 20 శాతం సమయం లాబీయింగ్‌కే పెట్టినవారు నమోదు చేసుకోవాలి. రెండు షరతులూ కలిసి నెరవేరాలి. 18 శాతం దగ్గర గడియారం ఆపేస్తే అతను లాబీయిస్టు కాడు, ‘వ్యూహాత్మక సలహాదారు’. మాజీ సెనేటరొకరు లా ఫర్మ్‌లో కూర్చుని ఏ బిల్లును ఏ కమిటీలో ఎలా ఆపాలో చెప్పి, ఫోన్లు మాత్రం కింది ఉద్యోగులతో చేయిస్తే, నమోదు పుస్తకంలో ఆయన పేరు ఉండనక్కరలేదు. ఫోన్ చేసిన ఉద్యోగి పేరు ఉంటుంది.

లాబీయిస్టు జాక్ అబ్రమాఫ్ లంచాల కుంభకోణం తర్వాత 2007లో వచ్చిన చట్టం నివేదికలను అర్ధ సంవత్సరం నుంచి మూడు నెలలకు కుదించింది. ప్రతి లాబీయిస్టూ ఏడాదికి రెండుసార్లు, జనవరి 30 నాటికి, జూలై 30 నాటికి, ఎల్‌డీ-203 అనే పత్రం దాఖలు చేయాలనీ చెప్పింది. ఆరు నెలల్లో ఒక అభ్యర్థికో పార్టీ కమిటీకో మొత్తం 200 డాలర్లు చేరితే అందులో చూపాలి. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం మిశ్రమం: 2007లో దాదాపు 15 వేలున్న నమోదిత లాబీయిస్టుల సంఖ్య పదేళ్లలో 12 వేల లోపుకు జారింది. లాబీయింగ్ మీద ఖర్చు అలా తగ్గలేదు, ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 400 కోట్ల డాలర్లు దాటుతోంది. మనుషులు తగ్గి డబ్బు పెరిగిందంటే, పని చేసేవాళ్లు కొందరు పేరు తీయించుకుని అదే పని చేస్తున్నారనుకోవాలి. ‘లాబీయిస్టు డబ్బు తీసుకోం’ అని పార్టీ ప్రకటించిన రోజున నమోదుకు ఇంకో నష్టం జతవుతుంది. నిజాయతీగా పేరు రాయించుకున్నవాడే బయట నిలబడాలి.

ఎనిమిదేళ్ల ప్రయోగం

ఈ ప్రశ్నకు అమెరికాలో ఒకసారి పెద్ద ఎత్తున పరీక్ష జరిగింది. 2007లో డెమోక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీ పడుతూ జాన్ ఎడ్వర్డ్స్, బరాక్ ఒబామా లాబీయిస్టుల డబ్బు ముట్టబోమన్నారు. హిల్లరీ క్లింటన్ ఒప్పుకోలేదు. నర్సులకూ లాబీయిస్టులున్నారు, సామాజిక కార్యకర్తలకూ ఉన్నారు, వాళ్లూ నిజమైన మనుషులకే ప్రాతినిధ్యం వహిస్తున్నారన్నది ఆమె వాదన. సభలో ఈలలు వినిపించినా ఆ వాదనలో పస ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

2008 జూన్‌లో నామినేషన్ ఖాయం కాగానే ఒబామా తన నియమాన్ని డెమోక్రాటిక్ జాతీయ కమిటీకి వర్తింపజేశారు. ఫెడరల్ నమోదిత లాబీయిస్టుల చెక్కులు, కంపెనీలు, సంఘాలు తమవారి విరాళాలు పోగుచేసి అభ్యర్థులకిచ్చే రాజకీయ కార్యాచరణ కమిటీల (పీఏసీల) చెక్కులు ఇక వద్దన్నారు. చెప్పినంత పనీ జరిగింది, చెప్పనిది జరగలేదు. ప్రతినిధుల సభ, సెనేట్ ఎన్నికలు చూసే పార్టీ కమిటీలు రెండూ వేరు సంస్థలు. అవి తీసుకుంటూనే ఉన్నాయి. రాష్ట్ర రాజధానుల్లో పనిచేసే లాబీయిస్టులు నియమంలోకి రాలేదు. లాబీ సంస్థలో భాగస్వామి అయి ఉండి తాను నమోదు కానివాళ్లు రాలేదు. లాబీయిస్టు భార్య, లాబీయిస్టు భర్త రాలేదు. నిన్న పేరు తీయించుకున్నవాడు ఇవాళ రాలేదు. ఒకే ఇంటి కుడి తలుపు మూసి, ఎడమ తలుపుకు ‘స్వాగతం’ బోర్డు పెట్టినట్టయింది.

2012లో షార్లట్ మహాసభకు పార్టీ మరో మెట్టెక్కి కార్పొరేట్ డబ్బు, లాబీయిస్టు డబ్బు రెండూ వద్దంది. మహాసభల ఖర్చు మోసేది ఎక్కువగా ఆతిథ్య కమిటీ. అది ఊరిని ప్రచారం చేసే పౌరసంస్థగా లెక్క. దానికి కార్పొరేట్ విరాళాలు చట్టప్రకారం తీసుకోవచ్చు, పరిమితి లేదు. పార్టీ స్వచ్ఛందంగా ఆ దారి మూసేసరికి డబ్బు చాలలేదు. పక్కనే ‘న్యూ అమెరికన్ సిటీ’ పేరుతో వేరే నిధి పెట్టి, సభ తాలూకు కొన్ని ఖర్చులకు కంపెనీల సొమ్ము అందులోకి రానిచ్చారు. పైగా విద్యుత్ కంపెనీ డ్యూక్ ఎనర్జీ హామీ మీద కోటి డాలర్ల రుణం తీసుకున్నారు. తిరిగి కట్టలేకపోయారు. కంపెనీ ఆ బాకీ వదిలేసుకుంది. విరాళం వద్దన్నవారికి అప్పు రూపంలో విరాళం చేరింది. ఖర్చుకు సరిపడా వేరే రాబడి సిద్ధం చేసుకోకుండా నిషేధం ప్రకటిస్తే ఏమవుతుందో దీనికన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

2015లో మహాసభ మట్టుకు సడలించి, 2016 ఫిబ్రవరి నాటికి మిగతా నిషేధాన్నీ పార్టీ దాదాపు ఎత్తేసింది. పెద్ద ప్రకటనేమీ లేదు. పత్రికల్లో వచ్చాకే జనానికి తెలిసింది. అప్పటికి సంయుక్త నిధుల కమిటీలు ఊపందుకున్నాయి, ఎన్నికల ఏడాది గడప తొక్కింది.

డబ్బుకు ఏం దొరుకుతుంది?

చెక్కుకు ఓటు కొనుగోలు శక్తి ఎంత అన్నది పరిశోధకుల మధ్య పాత తగవు. ఆన్సొలబెహేర్, డి ఫిగెరెడో, స్నైడర్ 2003లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం విరాళాలకూ సభలో ఓటింగుకూ మధ్య సంబంధం బలహీనం. సభ్యుడి పార్టీ, నియోజకవర్గం, సొంత నమ్మకాలు ఓటును చాలావరకు తేల్చేస్తాయి. లాబీయిస్టులు ఈ అధ్యయనాన్ని ఇష్టంగా ఉదహరిస్తారు.

ఓటుకు ముందు ఒక మెట్టు ఉంది: కలవడానికి సమయం దొరకడం. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ 2016లో ప్రచురించిన క్షేత్ర ప్రయోగం ఆ మెట్టునే కొలిచింది. ఒక సంస్థ 191 కాంగ్రెస్ కార్యాలయాలను సమావేశాలు అడిగింది. కొన్నిటికి వచ్చేవాళ్లు స్థానికులని చెప్పారు, కొన్నిటికి విరాళదాతలని చెప్పారు. వ్యక్తులు మారలేదు, పరిచయ వాక్యమే మారింది. విరాళదాతలన్న చోట సభ్యుడో ఉన్నత స్థాయి సిబ్బందో స్వయంగా కూర్చున్న సందర్భాలు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. బిల్లులో ఒక నిర్వచనం మార్చడానికి, అమలు తేదీ ఆరు నెలలు వెనక్కి జరపడానికి సభలో ఓటు అక్కర్లేదు, ముసాయిదా రాసే సిబ్బందితో అరగంట చాలు. ఓటింగ్ రికార్డులు తిరగేసే అధ్యయనాలకు ఈ అరగంట చిక్కదు.

పార్టీకి ఇచ్చే డబ్బు ఆ అరగంటకు ఎలా ముడిపడుతుంది? సభ్యులు పార్టీకి కట్టే ‘డ్యూస్’ ద్వారా. రెండు పార్టీల ఎన్నికల కమిటీలూ తమ సభ్యులకు లక్ష్యాలు పెడతాయి. పన్నులు, ఇంధనం, ఆర్థిక సేవల వంటి ముఖ్య కమిటీల్లో ఉన్నవాళ్లకు, కమిటీ అధ్యక్షులకు లక్ష్యం ఎక్కువ. ఎవరు కట్టారో ఎవరు బాకీ ఉన్నారో నాయకత్వానికి తెలుసు. వచ్చే సభలో ఎవరికి ఏ పదవి అన్న చర్చలో ఆ జాబితా ఉండదని నమ్మేవారు తక్కువ. ప్రభుత్వ భవనాల్లో విరాళాలు అడగడం నేరం కాబట్టి సభ్యులు నాలుగు అడుగులు నడిచి పార్టీ ఆఫీసులోని ఫోన్ గదిలో కూర్చుంటారు. ఎవరికి ఫోన్ చేస్తారు? తన కమిటీ పరిధిలో పని ఉన్నవారికి. లాబీయిస్టు ఇచ్చిన చెక్కు పార్టీ ఖాతాలోకి పోతుంది, పుణ్యం సభ్యుడి ఖాతాలో పడుతుంది.

అడిగేది ఎప్పుడూ లాబీయిస్టే అనుకోవడం కూడా పొరపాటు. చాలాసార్లు ఫోన్ అటునుంచే వస్తుంది. బిల్లు కమిటీలో ఉండగా వచ్చిన ఆహ్వానాన్ని కాదనడం లాబీయిస్టుకు కష్టం. నిషేధాన్ని లోపల్లోపల కోరుకునే లాబీయిస్టులు ఉండటానికి కారణం ఇదే. ‘రూల్ ఒప్పుకోదు సార్’ అనగలగడం వాళ్లకు పెద్ద రక్షణ.

తీసుకోవాలనే వాదన

తీసుకోవచ్చనేవారి వాదనల్లో రెండు గట్టివి. మొదటిది హక్కు. ప్రభుత్వానికి మొరపెట్టుకునే హక్కు రాజ్యాంగ మొదటి సవరణలోనే ఉంది, ఆ మొర వినిపించే వృత్తిలో ఉన్నందుకు ఒక పౌరుడి విరాళ హక్కు తీసేయడం ఎలా న్యాయం? చట్టంతో నిషేధిస్తే ఇది నిజమైన చిక్కే, కోర్టులూ ఒకే మాట మీద లేవు. లాబీయిస్టు విరాళాలపై నార్త్ కరోలినా రాష్ట్రం పెట్టిన నిషేధాన్ని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2011లో నిలబెట్టింది. కెంటకీలోని అలాంటి చట్టాన్ని మరో అప్పీళ్ల కోర్టు 2019లో సమర్థించింది. కనెక్టికట్ విషయంలో 2010లో వేరే కోర్టు ప్రభుత్వ కాంట్రాక్టర్ల విరాళాలపై నిషేధం ఉంచి, లాబీయిస్టుల విరాళాలపై పూర్తి నిషేధాన్ని కొట్టేసింది: ఆ రాష్ట్రంలో అంతకుముందు జరిగిన కుంభకోణంలో పట్టుబడింది కాంట్రాక్టర్లు, లాబీయిస్టులు కాదు కాబట్టి పరిమితి చాలునంది. కాలిఫోర్నియా మధ్యేమార్గం పట్టింది. ఏ ప్రభుత్వ విభాగం దగ్గర లాబీయింగ్‌కు నమోదయ్యాడో ఆ విభాగపు పదవిలో ఉన్నవారికి, ఆ పదవికి పోటీచేసేవారికి మాత్రమే ఇవ్వకూడదు. గమనించాల్సిందేమిటంటే కాలిఫోర్నియా, నార్త్ కరోలినా నిషేధాలు అభ్యర్థుల మీద గురిపెట్టినవి. పార్టీ గిన్నె ముట్టుకోలేదు. పార్టీ తనంతట తాను వద్దనుకుంటే రాజ్యాంగ ప్రశ్నే రాదు. ఎవరి డబ్బు తీసుకోవాలో నిర్ణయించుకోవడం పార్టీ ఇష్టం.

రెండో వాదన నీటి లాంటిది: ఇక్కడ అడ్డు కడితే అక్కడ పొంగుతుంది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పు, దాని వెంటే స్పీచ్‌నౌ తీర్పు వచ్చాక సూపర్ పీఏసీలకు (అభ్యర్థితో, పార్టీతో సంబంధం లేకుండా విడిగా ఖర్చు పెట్టే సంస్థలకు) వచ్చే విరాళాలకు పరిమితి లేదు. పార్టీకి వచ్చే డబ్బుకు పరిమితి ఉంది, 200 డాలర్లు దాటితే పేరు, వృత్తి, యజమాని బయటపడతాయి, జాతీయ కమిటీలు ప్రతి నెలా లెక్క చూపుతాయి. అలాంటి డబ్బును తరిమి చీకట్లోకి పంపడం తెలివా? కంపెనీల విషయంలో ఈ వాదన బలమైనదే. లాబీయిస్టు వ్యక్తిగత చెక్కు విషయంలో అంత బలం లేదు. అతను ఇచ్చేది పరిచయం కోసం, సభ్యుడి కంట్లో పడటం కోసం. సూపర్ పీఏసీకి ఇస్తే ఆ దగ్గరితనం దొరకదు. దారి మూస్తే ఆ డబ్బు చాలావరకు జేబులోనే ఉండిపోతుంది.

ఇక నర్సుల లాబీయిస్టు సంగతి. క్లింటన్ చెప్పింది నిజమే. కానీ నర్సుల సంఘం బలం ఆ లాబీయిస్టు చెక్కులో లేదు, వేలమంది సభ్యుల ఓటులో, వాళ్లు ఇచ్చే యాభై డాలర్ల విరాళంలో ఉంది. లాబీయిస్టు చెక్కు వద్దంటే వాళ్లకు పెద్దగా పోయేదేం లేదు. ఓటర్లెవరూ లేని క్లయింటుకే ఆ చెక్కు అవసరం ఎక్కువ.

పనిచేసే నియమం ఎలా ఉంటుంది?

పార్టీ నిజంగా వద్దనుకుంటే ‘నమోదిత లాబీయిస్టు’ అన్న ముద్రను కాకుండా చేసే పనిని చూసి నియమం రాయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది సేకరణ: లాబీయిస్టు విందుకు ఆతిథ్యం ఇవ్వకూడదు, పేరు ఆహ్వాన పత్రం మీద ఉండకూడదు, మూట కట్టి ఇచ్చిన చెక్కుల పుణ్యం అతని పేరిట రాయకూడదు. ఈ మూట కట్టడాన్నే బండ్లింగ్ అంటారు. 2007 చట్టం దీన్ని ఆపలేదు, వెల్లడించమంది. ఆరు నెలల్లో ఒక లాబీయిస్టు 15,000 డాలర్లకు మించి తెస్తే, కమిటీ ఫారం 3ఎల్‌లో చూపాలి. ఆ పరిమితి ధరలతో పాటు పెరిగి ఇప్పుడు 20 వేలు దాటింది. అతని సొంత చెక్కు, భార్య లేదా భర్త చెక్కు ఈ లెక్కలోకి రావు. విందుకు ఆరుగురు ఆతిథేయులుంటే లక్ష డాలర్లు ఆరు ముక్కలవుతాయి, ఒక్కొక్కరికీ 16,667. ఫారం అక్కర్లేదు. కాబట్టి పార్టీ సొంత నియమంలో పరిమితి సున్నా దగ్గర ఉండాలి, ఆతిథేయుల మధ్య పంపకం చెల్లకూడదు.

చెక్కుల వడపోతలో చిల్లులు పడేది చిన్న చిన్న చోట్ల. దాత తన వృత్తి గడిలో ‘అటార్నీ’ అనో ‘కన్సల్టెంట్’ అనో రాస్తాడు. వెబ్ పేజీలో ‘నేను లాబీయిస్టును కాను’ అన్న గడి టిక్ చేయించుకోవడం సరిపోదు. వచ్చిన ప్రతి పేరునూ సెనేట్, ప్రతినిధుల సభ నమోదు జాబితాలతో పోల్చాలి. పేరుతో పాటు యజమాని, ఊరు కూడా కలవాలి, లేకపోతే ఒకే పేరున్న బడి టీచరు చెక్కు వాపసు పోతుంది. జాబితా మూడు నెలలకోసారి మారుతుంది కనుక పోలిక ఒకసారితో తీరదు, ప్రతి త్రైమాసికం మళ్లీ చేయాలి. వచ్చిన చెక్కును చట్టప్రకారం పది రోజుల్లో బ్యాంకులో వేయాలి లేదా తిప్పి పంపాలి, వడపోత ఆ పది రోజుల్లో ముగియాలి. ఎన్నికల ముందు వారం వేల చెక్కులు వస్తాయి, అప్పుడే మనుషులు చాలరు, అప్పుడే జల్లెడ పక్కన పెడతారు. ఆ వారానికి ముందే సిబ్బందిని కేటాయించకపోతే కాగితం మీద నియమం కాగితం మీదే ఉంటుంది.

నమోదు నుంచి పేరు తీయించుకున్నవారిని ఆ తర్వాత రెండేళ్ల దాకా లాబీయిస్టులుగానే లెక్కించాలి. ఒకే చిరునామాలోని జీవిత భాగస్వామి పెద్ద చెక్కులను విడిగా పరిశీలించాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం, భార్యకు సొంత సంపాదన, సొంత రాజకీయం ఉండొచ్చు. పూర్తి నిషేధం కాకుండా చిన్న పరిమితి పెట్టడం న్యాయం. అన్నిటికీ మించి ఒకే పార్టీ పేరు మీదున్న జాతీయ కమిటీ, రెండు సభల ఎన్నికల కమిటీలు, సంయుక్త కమిటీలు, మహాసభ ఆతిథ్య కమిటీ, వీటన్నిటికీ ఒకే నియమం ఉండాలి. ఒక్కటి వదిలినా డబ్బు అటే వెళ్తుందని 2008 తర్వాతి ఎనిమిదేళ్లు చూపించాయి. సభ్యుల డ్యూస్ లక్ష్యాలు తగ్గించకుండా ఇదంతా చేస్తే సభ్యుడే దొంగదారి వెతుక్కుంటాడు. లక్ష్యం అలాగే ఉంది, దాతల్లో కొందరిని తీసేశారు, మరి అతనేం చేయాలి?

తీసుకుంటామనే పార్టీకి కూడా చేయదగినవి ఉన్నాయి. ఒక బిల్లు కమిటీ ముందున్న కాలంలో ఆ బిల్లు మీద పనిచేసే లాబీయిస్టు చెక్కు ఆపడం వాటిలో సులువైనది. చాలా రాష్ట్రాల్లో శాసనసభ సమావేశాల రోజుల్లో ఇలాంటి నిషేధం ఇప్పటికే ఉంది. కాంగ్రెస్ ఏడాది పొడవునా నడుస్తుంది కాబట్టి రోజుల లెక్క కుదరదు, బిల్లు లెక్క కుదురుతుంది. లాబీయిస్టు ఏ బిల్లు మీద పనిచేస్తున్నాడో మూడు నెలల నివేదిక ఎల్‌డీ-2లో రాసే ఉంటుంది.

ఏ పార్టీ మాట నిలబెట్టుకుంటోందో చూడటానికి లోపలి మనుషులు అక్కర్లేదు. జనవరి 30 తర్వాత వారంలో ఎల్‌డీ-203 పత్రాలు తెరిచి పార్టీ కమిటీ పేరుతో వెతకాలి. నిషేధం నిజమైతే ఆ వరుస ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉంటే అదే లాబీయిస్టుల ఇంటిపేర్లు, ఊరు, జిప్ కోడ్ ఫెడరల్ ఎన్నికల సంఘం డేటాలో వేసి, వృత్తి గడిలో ‘గృహిణి’ అని రాసి ఉన్న 44,300 డాలర్ల చెక్కులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి.